ఎనిమిది రోజులకని వచ్చిన కుక్క

మా ఇంట్లో ఏ ముచ్చటైనా నా చెవిన పడేది అందరికంటే చివర. దాని వెంట వచ్చే చాకిరీ మాత్రం అందరికంటే ముందు నాకే వచ్చేది. పెద్ద కుక్క విషయంలోనూ అదే జరిగింది. ఆ సాయంత్రం నేను బడి నుంచి వచ్చి, పరీక్ష కాగితాల కట్ట గూట్లో పెట్టి, కాళ్లు కడుక్కునేసరికి మా ఆయన ఆ మాట దాదాపు తేల్చేసుకుని కూర్చున్నాడు.

“మా కంపెనీ ఇంజనీర్ సాబుకు ట్రాన్స్‌ఫర్ అయింది. ఆయన కుక్కను మనకిచ్చి పోతనంటుండు,” అన్నాడు మా ఆయన.

“ఏం కుక్క?”

“పోలీస్ కుక్క.”

అల్సేషియన్ జాతి కుక్కను మా వైపు అట్లాగే అనేవారు. నేను చెంగుతో ముఖం తుడుచుకుంటూ, “మనకు కుక్క ఉన్నది గద,” అన్నాను.

ఆయన మంచం వైపు చూశాడు. అక్కడ అత్తమ్మ మోకాలికి ఆనుకుని మా తెల్ల బొచ్చుకుక్క నిద్రపోతోంది. చుట్ట చుట్టుకుంటే చాటలో సగం కూడా నిండదు. మేం దాన్ని చిన్నది అనే పిలిచేవాళ్లం.

“గదేం కుక్క. పిల్లిని సూస్తె మంచం కిందికి ఉరుకుతది,” అన్నాడు.

అందులో అబద్ధమేమీ లేదు.

డెబ్బైల నడిమి మాట ఇది. అప్పుడు మేం పటాన్‌చెరు నుంచి ఇంద్రేశం పోయే దారిలో రెండర్రల పెంకుటింట్లో ఉండేవాళ్లం. చుట్టూ జొన్నచేలల్లో ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్నాయి. నిన్నటిదాకా మేకలు కట్టేసిన కొట్టాలలోకి కిరాయికి మనుషులు దిగుతున్నారు. వచ్చేపోయేవాళ్లలో ఎవరు ఎవరో తెలియకుండా పోయింది. మొదట పక్కింటివాళ్ల సైకిలు పోయింది. తర్వాత దండెం మీది బట్టలు పోయాయి. ఆ ఎండాకాలం మా పెరట్లో నీళ్లు కాచుకునే రాగి కాగు పోయింది. పొద్దున లేచి చూస్తే మూడు రాళ్లూ బూడిదా ఉన్నాయి, కాగు లేదు. ఆ వారం మా ఆయనకు నైట్ షిఫ్టు. ఇంట్లో ఉన్నది నేనూ, అత్తమ్మా, చిన్నదీ. అంత కాగును గోడ దాటిస్తుంటే చిన్నది అత్తమ్మ దుప్పట్లోంచి తల కూడా ఎత్తలేదు. అప్పటి నుంచి నైట్ షిఫ్టు వచ్చిన ప్రతి వారం మా ఆయన సైకిలెక్కే ముందు తలుపుల గొళ్లాలు రెండేసిసార్లు గుంజి చూసేవాడు. నాకూ భయమే. కానీ ఒళ్లు వాలిస్తే చాలు, నిద్ర పట్టేసేది.

చిన్నది కావలికి పనికిరాదు, నిజమే. దానికి వేరే కొలువు ఉండేది. మా అత్తమ్మకు చెవులు వినపడవు.

అది ఎప్పుడు మొదలైందో మాకెవరికీ తెలియదు. ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు కాబట్టి అడగనూ లేదు. “మీరే నోట్లె నోట్లె మాట్లాడ్తరు. ఎన్కట మనుషులు గట్టిగ మాట్లాడెటోళ్లు,” అనేది. చర్చిలో ప్రార్థన ముగిసినప్పుడు ముందు వరుసలోవాళ్ల తలలు లేవడం చూసి సరిగ్గా సమయానికి ఆమెన్ అనేది. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఈ వయసులో ఎంత చక్కగా వింటుందని పాస్టరుగారు మెచ్చుకునేవారు కూడా. మాట్లాడే మనిషి పెదాలూ చేతులూ చూసి సగం అర్థం చేసుకునేది, మిగతా సగం తానే కల్పించుకునేది. ఆ కల్పించుకున్న సగంతోనే మాకు రోజూ పరేషాన్.

చిన్నదానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. మిషన్ ఆస్పత్రిలో పనిచేసిన ఒక నర్సమ్మ రిటైరై పోతూ అరచేతిలో పట్టేంత పిల్లను అత్తమ్మ ఒళ్లో పెట్టి పోయింది. అది పెరుగుతూ పెరుగుతూ తన పనేదో తానే వెతుక్కుంది. గేటు దగ్గర ఎవరైనా పిలిస్తే మంచం దిగి, అత్తమ్మ కొంగు నోట కరచుకుని గుంజేది. పాలు పొంగితే గుంజేది. పెరటి తలుపు గాలికి కొట్టుకుంటే గుంజేది. పోస్టుమ్యానుకూ, పెరుగమ్మే ఆమెకూ ఈ పద్ధతి తెలుసు. పిలిచి ఆగేవాళ్లు. ముందు చిన్నది వచ్చి ముఖం చూసి లోపలికి పోయేది, కాసేపటికి ముసలామె వచ్చేది. అత్తమ్మ చీరలన్నిటికీ కొంగు మూల చిన్న చిన్న చిల్లులుండేవి.

నేను బడికి పోగలిగానంటే ఆ చిల్లుల పుణ్యమే. మా ఆయన షిఫ్టుకు పోతే, నేను బడికి పోతే, పొద్దంతా ఆమె ఒక్కతే ఇంట్లో. కట్టెల పొయ్యి ముందు కూర్చుంటుంది, బావి దగ్గరికి పోతుంది. ఒకసారి చిన్నది జబ్బుపడి పది రోజులు లేవకపోతే ఆ పది రోజులూ నేను సెలవు పెట్టాల్సి వచ్చింది. అది లేకుండా పోతే మాకు రెండే దారులు. నేను ఉద్యోగం మానుకోవాలి, లేకపోతే అత్తమ్మను జహీరాబాదులో మా ఆడబిడ్డ ఇంటికి పంపాలి. వాళ్లు మంచివాళ్లే. పదకొండు మంది ఉన్న ఇల్లు, ఆమెను పువ్వుల్లో పెట్టి చూసుకుంటారు. కానీ అక్కడ ఆమెకంటూ పొయ్యి లేదు. అక్కడ వారం ఉండి వస్తే నెల రోజులు ఆ సంగతే చెప్పేది. ఈ రెండు దారులూ మా ముగ్గురికీ తెలుసు. ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

అందుకే పెద్ద కుక్క మాట రాగానే నాకు ముందు చిన్నదే గుర్తొచ్చింది.

“అది ఒక్కసారి నోట పట్టిందంటె చిన్నది బతుకుతదా? మల్ల అత్తమ్మ సంగతేంది?” అన్నాను.

“అది సదువుకున్న కుక్క. సిట్ అంటె కూసుంటది. నీ బడి పోరగాండ్లు ఇంటరా గట్ల?”

“ఏం తింటది?”

“ఆ సాబు పాలు, గుడ్లు, మాంసం పెడ్తుండట.”

“నేను గుడ్డు తిని ఎన్నొద్దులైందో ఎర్కనా మీకు?”

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంత కుక్కకు కుండెడు సంకటి ఎవరు వండాలి, వాకిట్లో దాని పెంట ఎవరు ఎత్తాలి, పొద్దున నాలుగున్నరకు లేచే మనిషి ఇంకెన్నింటికి లేవాలి అని అడిగాను. అత్తమ్మ ఎలాగూ ఒప్పుకోదనే ధైర్యంతో ఆమెనే అడగమన్నాను. ఆయన గట్టిగా అరచి, చేయి నడుము దాకా ఎత్తి కుక్క ఎత్తు చూపించాడు.

“తోలుక రా,” అందామె.

ఆమెకు అర్థం కాలేదేమో అని నేను మళ్లీ చెప్పాను. “సమజైంది. పెద్ద కుక్క. తోలుక రమ్మను,” అంది చిన్నదాని వీపు నిమురుతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. పదేళ్లు ఒళ్లో పెట్టుకుని పెంచిన దాని గతి ఏమవుతుందో ఒక్క మాట అనుకోకుండా ఇట్లా ఎట్లా అంటుంది? ఆ సాయంత్రం గిన్నెలన్నీ కావాలని చప్పుడు చేస్తూ కడిగాను. వినపడని మనిషి మీద అలిగి గిన్నెలు మోగిస్తే దండగ అని ఆఖరి గిన్నె బోర్లించాక గాని నాకు తోచలేదు.

పది రోజులు ఇదే గొడవ. చివరికి మా ఆయనే ఒక మాటకు దిగాడు. “ఎనిమిద్దినాలు ఉంచి సూద్దాం. పడకపోతె సాబు పోయెటప్పుడు జీపుల ఎక్కిచ్చుకొని పోతడు. ఆఖరి మాట నీదే. చాకిరి నీది గద,” అన్నాడు. నాకు పెద్ద ఉపకారం చేసినట్టే ఉంది ఆయన ముఖం.

శనివారం ఒంటిపూట బడి. నేను వచ్చేసరికి కంపెనీ జీపు మా గేటు ముందు ఉంది. కుక్క దిగింది. నిక్కిన చెవులు, నల్లటి వీపు, తల నా నడుము దాకా వచ్చింది. ఇంజనీరు సాబు దాని గొలుసూ సత్తుగిన్నే మా ఆయన చేతికిచ్చి, దాని తల రెండు చేతుల మధ్య పట్టుకుని హిందీలో ఏదో చెప్పి, మా వైపు చూడకుండానే జీపెక్కాడు. దాన్ని లోపలికి తీసుకువచ్చారు. నేను చేతిలో చీపురు పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. అది వచ్చి చిన్నదాన్ని తల నుంచి తోక దాకా వాసన చూసింది. చిన్నది కదలకుండా ఉండిపోయింది. ఆ తర్వాత పెద్దది గడప దగ్గరికి పోయి పడుకుంది. అంతే. మా ఆయన నా చేతిలో చీపురును చూసి ముసిముసిగా నవ్వుకున్నాడు.

ఇక మేం చేసిన తప్పు గురించి చెప్పాలి.

మా అత్తమ్మ తండ్రి ఊళ్లో ఉపదేశి. పాస్టరు రాని ఆదివారాల్లో ప్రార్థన నడిపించే మనిషి. ఆయన ఇంటికి ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారట. ఉన్న అన్నం ముందు వచ్చినవాళ్లకు వడ్డించి, మిగిలింది ఇంటి పిల్లలు తినేవాళ్లట. ఆ పద్ధతి ఆమె వెంట మా ఇంటికీ వచ్చింది. కొత్త మనిషి గడప లోపలికి వస్తే మొదటి ముద్ద ఆ మనిషిదే. పసిపిల్ల ఏడుస్తున్నా ఆగాల్సిందే. నేను కాపురానికి వచ్చిన మొదటి వారం నాకే ముందు పెట్టి, షిఫ్టుకు ఆలస్యమవుతోందని మొత్తుకుంటున్న కొడుకును నిలబెట్టింది. ఎనిమిదో రోజు నుంచి నా వంతు చివరికి పోయింది, అది వేరే సంగతి.

ఆ శనివారం ప్రార్థన చేసుకుని ఆమెన్ అనగానే, రోజూ వచ్చినట్టే చిన్నది అత్తమ్మ పక్కకు వచ్చి నిలబడింది. పదేళ్లుగా ఆమె చేతి మొదటి ముద్ద దానిదే. అత్తమ్మ అరచేయి అడ్డం పెట్టి, “ఆగు. సుట్టమొచ్చిండు గద,” అంది. మాంసం బొక్కల పులుసు కలిపిన సంకటి పెద్దదాని గిన్నెలో వేసింది. అది తినడం అయ్యాక చిన్నదానికి పెట్టింది. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. కనపడకపోవడమే కాదు, మర్నాడు చిన్నది పెద్దదాని గిన్నె దగ్గరికి పోతే నేనే కాలితో పక్కకు నెట్టాను. ఇంటిది కదా, ఆగితే ఏమవుతుంది అనుకున్నాను.

కొట్లాట జరుగుతుందని భయపడ్డామేమో, జరగకపోయేసరికి నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాం. చిన్నది తిండి తగ్గించింది. మంచం మీద నుంచి మంచం కిందికి మారింది. కొత్త కదా, సిగ్గుపడుతోంది అనుకున్నాం. పెద్దది నిజంగానే బుద్ధిమంతురాలు. ఒకటే బాధ, అన్నిటికీ మొరిగేది. ఫ్యాక్టరీ సైరనుకు మొరిగేది, కంపెనీ బస్సులకు మొరిగేది, బర్రెలకు మొరిగేది, గాలికి ఎగిరే కాగితానికి మొరిగేది. ఆ మొరుగుడుకు అలమరలో పళ్లేలు అదిరేవి. విచిత్రం ఏమిటంటే అది అత్తమ్మకు తెలిసేది. గుండె మీద చేయి పెట్టుకుని, “దీని గొంతు మంచిగున్నది,” అని మురిసింది. చూశావా, ఇక కొంగు గుంజే పని కూడా లేదు అన్నట్టు మా ఆయన నా వైపు చూశాడు.

మొదటి రెండు రోజులు అది మొరిగినప్పుడల్లా ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి గేటు దాకా పోయి వచ్చింది. పోయినప్పుడల్లా అక్కడ ఏ బస్సో, ఏ బర్రెనో. మూడో రోజు సగం సార్లే లేచింది. నాలుగో రోజుకు లేవడమే మానేసింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను పొద్దున నాలుగింటికి లేచి సంకటి ఉడికించి, వాకిలి కడిగి, బడికి పోయి, వచ్చి, మళ్లీ కడిగి, మళ్లీ ఉడికించి పడుకుంటున్నాను. చూసే తీరిక ఎక్కడిది?

ఐదో రోజు బుధవారం. సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి వచ్చాను. తలుపు లోపలి నుంచి గొళ్లెం పెట్టి ఉంది. పిలిచాను. లోపల పెద్దది మొరిగింది. ఆగాను. చిన్నది కిటికీలోంచి ముఖం చూపించి పోవాలి, రాలేదు. మళ్లీ పిలిచాను. గొళ్లెం కొట్టాను. రాయి తీసుకుని తలుపు బాదాను. పెద్దది ఇల్లెగిరిపోయేలా మొరుగుతోంది, మనిషి అలికిడి మాత్రం లేదు. ముందు కోపం వచ్చింది. తర్వాత భయం. కొంగుకు నిప్పంటుకుని ఉంటుంది, బావిలో పడి ఉంటుంది, పడిపోయి పిలుస్తుంటే ఎవరూ విని ఉండరు. ఏవేవో కళ్ల ముందుకు వచ్చాయి. ఉద్యోగం కోసం ముసలిదాన్ని ఒంటరిగా వదిలేసి పోయిందని లోకం అంటుంది, అనాల్సిందే అనుకున్నాను.

అప్పుడే పెరుగమ్మే ఆమె తట్టతో వచ్చింది. నన్ను చూసి తట్ట దించి, పక్కింటి వాకిట్లోంచి గోడ ఎక్కి పెరట్లోకి దిగింది. పెరటి తలుపు తోసుకుని పోయి ముందు తలుపు తీసింది. నేను లోపలికి ఉరికాను. పెద్దది తలుపు ముందే నిలబడి ఉంది. మా అత్తమ్మ వంటింట్లో పీట మీద, తలుపుకు వీపు పెట్టి కూర్చుని, చాటలో బియ్యం రాళ్లు ఏరుతోంది. మంచం కింద చిన్నది కళ్లు తెరుచుకునే ఉంది. నన్ను చూసి కూడా కదలలేదు.

“సచ్చిపోయినవనుకున్న,” అని అరిచాను. ఐదు రోజుల అలసటంతా ఒక్కసారి బయటికి వచ్చింది. నేల మీద కూలబడి ఏడ్చాను. ఆమెకు నా మాట వినపడలేదు గాని, ఏడుపు కనపడింది. చాట పక్కన పెట్టింది.

పెరుగమ్మే ఆమె గొర్రెల మంద ఉన్న ఇంటి మనిషి. ఆమె ఇల్లంతా ఒక చూపు చూసి, “చిన్నది అట్లెందుకు పండుకున్నది? మీరు ముందు దేనికి పెడ్తున్నరు పంతులమ్మా?” అని అడిగింది.

“కొత్తదానికి. సుట్టం గద.”

“కుక్క సుట్టమెట్లయితది? మా మందకాడ పాత కుక్క తిన్నంకనే కొత్తది ముట్టాలె. లేకుంటె పాతది అలిగి మందనిడిసి పోతది,” అంది. తట్ట ఎత్తుకుని పోతూ పోతూ, “సదువుకున్నోళ్లు,” అని తనలో తాను అనుకుంది. నాకు వినపడింది.

నేను ఆ సంగతి అత్తమ్మకు చేతులతో, అరుపులతో చెప్పాను. ఆమె వంగి మంచం కిందికి చూసింది.

“అది గుంజక మూడు దినాలాయె,” అంది.

“ఎర్కుండి నాకెందుకు జెప్పలె?”

“ఏమని జెప్పాలె? నాకు ఇనవడ్తలేదని జెప్పాల్నా?”

అన్నేళ్లలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. చెప్పి, తల దించుకుని కొంగు మూలనున్న చిల్లులు వేలితో తడుముకుంది. “దానికి పండ్లు ఊసిపోతున్నయి. ఇంకొక ఏడు ఉంటదో, రెండేండ్లు ఉంటదో. అది పోయిన్నాడు నన్ను బిడ్డింటికి తోలుతరు, లేకుంటె నువ్వు కొలువిడుస్తవు. పెద్దది దాన్ని సూసి నేర్సుకుంటదేమో అని తోలుక రమ్మన్న,” అంది.

చిన్నది పోతే ఎలా అని నేను ఒక్కదాన్నే ఆలోచిస్తున్నానని అనుకున్నాను. ఆమె మీద అలిగి మోగించిన గిన్నెలు గుర్తొచ్చి సిగ్గేసింది.

మా ఆయన షిఫ్టు దిగి వచ్చాక సంగతంతా విని, “అయితె వాపస్ ఇచ్చేద్దాం తీ,” అన్నాడు. ఆయన గొంతులో పట్టుదల ఏమీ మిగల్లేదు. ఇంకా మూడు రోజులున్నాయి, చూద్దాం అన్నది నేనే. ఎందుకన్నానో నాకే ఆశ్చర్యం.

ఆ పూట నుంచి వంతు మారింది. అత్తమ్మకు అది ఎంత కష్టమైందో చెప్పలేను. ఇంటికి వచ్చినవాళ్లను ఆగమనడం ఆమె ఎరగదు. ఆమెన్ అనగానే పెద్దదాని వైపు తిరిగి, “తప్పు పట్టకు బిడ్డా,” అని చెప్పి, చిన్నదాని గిన్నె పట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చుంది. చిన్నది బయటికి రాలేదు. అది తినేదాకా పెద్దదానికి పెట్టేది లేదు, తాను తినేదీ లేదని కూర్చుంది. పెద్దది సొంగ కారుస్తూ కూర్చునే ఉంది. మేమూ తినలేదు. గంటన్నర తర్వాత చిన్నది మెడ చాచి రెండు ముద్దలు నాకింది. మర్నాడు సగం తింది. ఆ మర్నాడు మంచం అంచు దాకా వచ్చి గిన్నె ఖాళీ చేసింది. కానీ కొంగు మాత్రం ముట్టలేదు. రెండు రోజులూ నేను పొద్దున బడికి పోతూ పక్కింటామెను బతిమాలి మా ఇంట్లో కూర్చోబెట్టి పోయాను. ఎన్నాళ్లని బతిమాలుతాం?

శనివారం మధ్యాహ్నం జీపు వచ్చింది. హారను వినగానే పెద్దది గుర్తుపట్టి గేటు మీదికి ఎగిరింది. మా ఆయన ఎదురు పోయాడు. నేను గేటు వైపు పోలేదు, మంచం వైపే చూస్తూ నిలబడ్డాను. అత్తమ్మ పొయ్యి ముందు రొట్టె కొడుతోంది. హారను మళ్లీ మోగింది. కాసేపటికి చిన్నది మంచం కింది నుంచి వచ్చింది. ఒళ్లు విరుచుకుంది. మెల్లగా నడిచి పోయి అత్తమ్మ కొంగు పట్టి గుంజింది. ఆమె వెంటనే తిరగలేదు. పిండి చేతులు అట్లాగే పెట్టుకుని, అది ఇంకోసారి గుంజేదాకా ఆగింది.

గేటు దగ్గర అందరూ నా కోసం చూస్తున్నారు. “ఏమంటవ్?” అన్నాడు మా ఆయన. సాబు తన కుక్క మెడ మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. నాకు కడగాల్సిన వాకిలీ, ఉడికించాల్సిన కుండా, పొద్దున నాలుగు గంటలూ అన్నీ గుర్తున్నాయి. ఏ ఒక్కటీ తగ్గేది కాదు.

“ఉండనియ్యుండ్రి,” అన్నాను.

ఆ తర్వాత ఏడాది మీద మూడు నాలుగు నెలలు రెండూ కలిసి ఉన్నాయి. మా ఇంట్లో మళ్లీ ఏదీ పోలేదు. పోయిన కాగు మాత్రం రాలేదు. చిన్నది తన పని తాను చేసుకుంది, మొదటి ముద్ద తాను తింది. పెద్దదానికి కొంగు గుంజడం నేర్పాలని అత్తమ్మ చాలా తంటాలు పడింది. కొంగు దాని నోట్లో పెట్టేది. అది మర్యాదగా పట్టుకుని కూర్చునేది, ఎంతసేపైనా అట్లాగే కూర్చునేది. నేను నవ్వితే ఆమెకు కోపం వచ్చేది. ఇక అది నేర్చుకోదని నాకు తెలిసిపోయింది. ఆమె మాత్రం పొద్దంతా దాన్నే చూస్తూ కూర్చునేది.

వానాకాలంలో ఒక పొద్దున చిన్నది మంచం దిగలేదు. మా ఆయన పెరట్లో నిమ్మచెట్టు పక్కన గుంత తీశాడు. ఆ పూట ఆమెన్ అన్నాక అత్తమ్మ పెద్దదాని గిన్నెలో సంకటి వేసింది. అది ముట్టలేదు. మంచం వైపు చూస్తూ నిలబడింది. చిన్నది తిన్నాక గాని తనది కాదని దానికి అలవాటైపోయింది. “తిను బిడ్డా. ఇగ ముందు ఎవలు లేరు,” అంది అత్తమ్మ. అప్పుడు గాని ఆమెకు ఏడుపు రాలేదు.

నేను రెండు రోజులు సెలవు పెట్టాను. మూడో రోజు పెట్టడానికి సెలవు లేదు. రాజీనామా కాగితం రాసుకుని, హెడ్‌మాస్టరుగారికి ఇద్దామని సంచిలో పెట్టుకుని బడికి పోయాను. చేతికి రాలేదు. రేపు ఇస్తాను, ఇవ్వాళ ఒక్కరోజు అనుకుంటూ గంటలు లెక్కపెట్టుకుని ఇంటికి వచ్చాను. గేటు తీసి, తలుపు ముందు నిలబడి, పిలవడానికి ధైర్యం తెచ్చుకుంటున్నాను. నోరు తెరవకముందే తలుపు తెరుచుకుంది. లోపల అత్తమ్మ, పక్కన తోక ఊపుతూ పెద్దది.

“ఎట్ల తెల్సింది?” అని చేతులతో అడిగాను.

ఆమె పొయ్యి దగ్గరి పీట చూపించింది. అది ఇప్పుడు తలుపు వైపు తిరిగి ఉంది. “బస్సుకు పండుకోనే మొరుగుతది. సైరనుకు పండుకోనే మొరుగుతది. మనిషొస్తె లేసి నిలవడ్తది. నువ్వొస్తె తోకూపుతది,” అంది.

“గిది ఎన్నడు నేర్సుకున్నది?”

“అదేం నేర్సుకోలె. నేనే నేర్సుకున్న.”

ఆమెకు అప్పుడు డెబ్బై దాటాయి. నేను సంచిలోంచి ఆ కాగితం తీసి పొయ్యిలో పెట్టాను. అదేం కాగితమని ఆమె అడిగింది. ఏమీ లేదన్నట్టు తల ఊపాను. ఆమె నా పెదాల వైపు కాసేపు చూసి, అన్నం పెడతాను కాళ్లు కడుక్కుని రమ్మంది.